అంతేగారి రెండు కాళ్ళు

మా బావకి ఒక్కటే జబ్బు. ఎదుటివాళ్ళు మాట పూర్తిచేసి "అంతే" అంటే తప్ప జవాబు చెప్పడు. తను మాట్లాడాలన్నా ముందు "ఇదిగో" అంటాడు, చివర "అంతే" అంటాడు. ఆ రెంటికీ మధ్య ఉన్నదే మాట. మిగతా విషయాల్లో మా బావంత నెమ్మదస్తుడు దీపం పెట్టి వెతికినా దొరకడు. ఈ ఒక్క విషయంలో మాత్రం దేవుడే దిగొచ్చి "ఏం వరం కావాలి నాయనా?" అన్నా, 'అంతే' వినపడలేదని కళ్ళప్పగించి చూస్తూ కూచుంటాడు. దేవుడు విసిగి వెళ్ళిపోతాడు.

బావ అంటే మా అక్క మొగుడు. నేనూ ఆయనా ఒకే కంపెనీలో పనిచేసేవాళ్ళం, అప్పట్లో నేనుండేది కూడా వాళ్ళింట్లోనే. ఆయన ఇంజనీరు. ఆయన చేసిన వస్తువుని ఎలా వాడాలో చెప్పే పుస్తకం రాసే పని నాది. ఆఫీసులో ఆయన్ని అందరూ "అంతేగారు" అనేవాళ్ళు. మొహం మీదే అనేవాళ్ళు. ఆయనేమీ అనుకునేవాడు కాదు. పిలిచినవాడు మాట పూర్తిచెయ్యాలి, అదొక్కటే ఆయన బాధ.

ఒకరోజు అక్క మేడమీద బట్టలారేస్తూ కిందికి కేకేసింది.

"ఏమండీ! పాలు పొంగుతున్నాయేమో చూడండీ!"

బావ వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ముందు నిలబడి చూశాడు. పాలు లేచాయి. అంచు దాకా వచ్చాయి. అంచు దాటాయి, పొయ్యి ఆరింది, గట్టు మీంచి నేల మీదికి దిగాయి. అక్క వచ్చేసరికి బావ కాళ్ళు రెండూ పాలల్లో ఉన్నాయి.

"చూడమన్నాను కదండీ!"

బావ కనుబొమ్మలు పైకెత్తి ఎదురుచూశాడు. అక్క పళ్ళు కొరికి, "అంతే!" అంది.

"ఇదిగో. చూశాను. నువ్వు 'అంతే' అనలేదు, పొంగితే ఏం చెయ్యాలో కూడా చెబుతావేమోనని ఆగాను. అంతే."

టెలిఫోను సంగతి ఇంకా ఘోరం. ఎవరో పొరపాటు నంబరు తిప్పి, "అయ్యో, వేరే ఇల్లా!" అని పెట్టేశారు. బావ రిసీవరు చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాడు. నేను స్నానం చేసి, బట్టలేసుకుని, టిఫిను తిని వచ్చి చూసినా నిలబడే ఉన్నాడు.

"బావా, పెట్టేశారు వాళ్ళు. అంతే," అన్నాను.

"ఇదిగో. పెట్టేశారని తెలుస్తూనే ఉంది. పూర్తిచేశారో లేదో తెలియట్లేదు. అంతే."

అక్క కూడా తక్కువ తినలేదు. ఈ జబ్బులోనే ఆవిడకి ఒక ఆయుధం దొరికింది. పోట్లాట మొదలైతే తను చెప్పదల్చుకున్నదంతా చెప్పి, చివర 'అంతే' అనకుండా సంచీ తీసుకుని బజారుకి వెళ్ళిపోయేది. బావ నోటినిండా జవాబు పెట్టుకుని కుర్చీలో కూచునేవాడు. మింగలేడు, కక్కలేడు. అక్క కూరలు కొని, చెప్పులు కుట్టించుకుని, స్నేహితురాలింట్లో కాసేపు కూచుని, తీరిగ్గా వచ్చి, సాయంత్రం భోజనం వడ్డిస్తూ "అంతే" అనేది. అప్పటికి బావకి కోపం చల్లారి, తన జవాబేమిటో మరిచిపోయి ఉండేవాడు. "ఇదిగో. కూర బాగుంది. అంతే," అనేవాడు. ఆ ఇంట్లో పోట్లాటలన్నీ కూర దగ్గరే ముగిసేవి.

నన్ను బజారుకి పంపినా ఆయన పద్ధతే వేరు. కావలసినవన్నీ ఒక్కొక్కటిగా చెప్పి, చివర "మొత్తం బేసి" అనేవాడు. నేను తెచ్చినవి సరి సంఖ్యలో ఉంటే ఏదో మరిచిపోయానన్నమాట. యంత్రాల్లో ఇలాంటి తనిఖీ ఉంటుందిట.

"బావా, ఒకటి కాదు, రెండు మరిచిపోతే? అప్పుడూ బేసే వస్తుంది కదా? అంతే," అని అడిగాను.

ఆయన మొహం వాడిపోయింది. "ఇదిగో. అదే దాని లోపం. అంతే."

ఆ పూట నేను సబ్బూ అగ్గిపెట్టే రెండూ మరిచిపోయాను. లెక్క సరిపోయింది. మర్నాడు పొద్దున సబ్బు లేక బావ ఉత్త నీళ్ళతో స్నానం చేసి ఆఫీసుకొచ్చాడు.

ఈ జబ్బు ఎక్కణ్ణించి అంటుకుందో నాకు తెలుసని చాలాకాలం ధైర్యంగా చెప్పుకుంటూ తిరిగాను. ఆ కథ చెప్పాలంటే మా చిప్పు కథ చెప్పాలి.

ఇది చాలా ఏళ్ళ కిందటి మాట. గోరంత చిప్పులో చిన్న కంప్యూటరుని ఇమిడ్చి, దాన్ని బట్టలుతికే మిషన్లోనో లిఫ్టులోనో పెట్టి నడిపించడం అప్పుడప్పుడే మొదలైంది. మా కంపెనీ కూడా అలాంటిది ఒకటి తయారుచేస్తోంది. అది లెక్కలు కట్టేది, మోటారు తిప్పేది, దీపం వెలిగించేది. అన్నీ బాగానే ఉన్నాయి కానీ, అది మూగది. పక్కనున్న చిప్పుకి ఒక్క ముక్క చెప్పాలంటే రెంటికీ మధ్య తీగల కట్ట కట్టాలి. కట్టలో ప్రతి తీగకీ, చిప్పు అంచుల్లో ఉండే లోహపు కాళ్ళల్లో ఒక కాలు ఇచ్చుకోవాలి. మాట్లాడుకోవడానికే కాళ్ళన్నీ ఇచ్చేస్తే ఇక పనేం చేస్తుంది?

బావ ఏమన్నాడంటే, రెండే రెండు కాళ్ళు ఇవ్వండి, ఒకటి నోరు, ఒకటి చెవి అన్నాడు. చెప్పాల్సినవన్నీ ఒకే తీగ మీద ఒకదాని వెనక ఒకటి పంపుతాను, బస్సు దిగే జనంలాగా అన్నాడు. అయితే వినే చిప్పుకి మాట ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోయిందో తెలియాలి కదా. అందుకని ముందొక గుర్తు, చివరొక గుర్తు. ముందు గుర్తు తగలగానే అవతలి చిప్పు చెవి నిక్కిస్తుంది, చివరి గుర్తు వచ్చేదాకా కదలకుండా వింటుంది.

ఇది పుస్తకంలో రాయడానికని ఆయన దగ్గర కూచుని విన్నప్పుడు నాకు తల మీద దీపం వెలిగింది. ముందు గుర్తు 'ఇదిగో', చివరి గుర్తు 'అంతే'. ఇంకేముంది, చిప్పు జబ్బు మనిషికి అంటుకుంది! ఈ సంగతి ఆఫీసంతా టముకు వేశాను. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

చిప్పుకి ఉన్నవి నలభై కాళ్ళు. వాటి కోసం జరిగిన కొట్లాట ఆస్తి పంపకాల్లో కూడా జరగదు. మోటారు ఇంజనీరు తన వాటాలోంచి ఒక్క కాలు వదలనన్నాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాడు లోకంలో ఉంటాడు. ఈయన పట్టిన చిప్పుకి నలభై కాళ్ళూ మోటార్లకే. వీళ్ళందరి మీదా డైరెక్టరుగారు. ఆయన ఎవరి మాటైనా సగమే వింటారు. మిగతా సగం తనే చెప్పేస్తారు. నేను పెళ్ళి సెలవు అడగడానికి వెళ్ళి "సార్, నాకు పెళ్ళి..." అన్నానో లేదో, "చాలా సంతోషం, వెళ్ళి రా," అని తలుపు చూపించారు. సంతోషం దక్కింది కానీ సెలవు దక్కలేదు.

ఆ డైరెక్టరుగారే ఒకనాడు తేల్చిపారేశారు. ఈ నెలాఖరు మీటింగులోగా రెండు కాళ్ళు దొరకకపోతే మాట్లాడే భాగాన్ని చిప్పులోంచి కొట్టేస్తారు. బావని ఫ్యాను రెగ్యులేటర్ల విభాగానికి పంపేస్తారు. ఏళ్ళ తరబడి చిప్పుకి నోరు తెప్పిద్దామని కష్టపడ్డ మనిషి, ఇక ఫ్యాను ఒకటిలో తిరగాలా మూడులో తిరగాలా అని ఆలోచిస్తూ కూచోవాలి.

"పోనీ ఆ రెండు కాళ్ళ కోసం డైరెక్టరుగారి రెండు కాళ్ళూ పట్టుకోండి, పోయేదేముంది? అంతే," అంది అక్క.

"ఇదిగో. ఆయన ఒకచోట నిలబడితే కదా పట్టుకోవడానికి. అంతే," అన్నాడు బావ. నవ్వుతూనే అన్నాడు కానీ, ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు. నాకు భయమేసింది.

ఇక్కడ ఇంకొకాయన గురించి చెప్పాలి. చిప్పులో ఏ భాగం ఎక్కడుండాలో గీసే పెద్దమనిషి. ఆయన్ని నక్షాలాయన అనేవాళ్ళం. గది నిండా పెద్ద షీటు పరిచి, బూట్లు విప్పి, మేజోళ్ళతో దాని మీద గొంతుక్కూచుని, చిన్న కత్తితో ఎర్రటి పొర కోస్తూ ఉండేవాడు. అంత షీటునీ ఫొటో తీసి కుదించి కుదించి గోరంత చేస్తే చిప్పు అయ్యేది. చెయ్యి తిరిగిన మనిషి. మాట దగ్గరే ఆయనకి చిక్కు. మొదటి అక్షరం దగ్గర బండి ఆగిపోయేది. కాస్త ఓపిక పడితే తర్వాత సాఫీగానే నడిచేది. కానీ ఓపిక ఎవడికుంది? మంచితనం కొద్దీ అందరం ఆయన మాటలు మేమే పూర్తిచేసేవాళ్ళం. ఆయన "నా... నా..." అనగానే, "టీయేగా! తెప్పిస్తున్నాం!" అనేవాళ్ళం. క్యాంటీను ఆవిడ గబగబా కప్పు తెచ్చి చేతిలో పెట్టేది. ఆయన తాగేవాడు. రోజంతా తాగుతూనే ఉండేవాడు. టీ అంటే ఇంత ప్రాణం పెట్టే మనిషిని చూడలేదని చెప్పుకునేవాళ్ళం.

అలాంటాయన కూడా తీరిక దొరికితే బావ గదిలోకే వెళ్ళి కూచునేవాడు. టీ దొరకని గది ఆఫీసు మొత్తానికి అదొక్కటే. బావ ఎవరొచ్చినా కూజాలో మంచినీళ్ళు పోసి ఇచ్చేవాడు. "మీ బావ పిసినారి," అని మోటారు ఇంజనీరు నాతో అంటే, నేను కూడా "మా వాళ్ళంతా అనేదీ అదే," అన్నాను.

నక్షాలాయన్ని కాళ్ళ సంగతి అంతకు ముందే ఒక మీటింగులో అడిగారు. ఆయన లేచి, "వి... విడిగా రెండు కాళ్ళు లేవు..." అని ఊపిరి తీసుకున్నాడు. డైరెక్టరుగారు బల్ల మీద కొట్టి, "విన్నారుగా! లేవుట!" అని ఆ మీటింగు ముగించేశారు. బావ ఆ రోజు వేరే ఊరు పనిమీద వెళ్ళాడు. తిరిగొచ్చినప్పణ్ణించీ పొద్దస్తమానం ల్యాబులోనే ఉండి, నక్షాలాయనకి గదిలో దొరకనే లేదు.

నెలాఖరు మీటింగు రానే వచ్చింది. చిప్పులోకి ఎక్కించాల్సిన సర్క్యూటుని బావ రెండు పెద్ద బోర్డుల మీద కట్టి, బల్ల ఆ కొసనొకటి, ఈ కొసనొకటి పెట్టాడు. ఇక్కడ అంకె నొక్కితే అక్కడ వెలగాలి. ప్రతి బోర్డుకీ ఒక ఎర్ర తీగ, ఒక నీలం తీగ. ఎరుపు నోరు, నీలం చెవి.

బావ కలపబోయేంతలో డైరెక్టరుగారు తీగలు లాక్కున్నారు. "ఇందులో ఏముందయ్యా, నేను కలుపుతాను. ఎరుపుకి ఎరుపు, నీలానికి నీలం. ఇదీ ఒక విద్యేనా?"

బావ చెయ్యెత్తాడు. కనుబొమ్మలెత్తాడు. కానీ డైరెక్టరుగారు 'అంతే' అంటేగా! పాపం, అడకత్తెరలో పోకచెక్కలా అయిపోయాడు. డైరెక్టరుగారు అంకె నొక్కారు. ఏమీ వెలగలేదు. గట్టిగా నొక్కారు. ఊహూ. "ఇదేనా నీ మాట్లాడే చిప్పు?" అన్నారు.

బావ నోరు మెదపకుండా వెళ్ళి తీగలు విప్పి, ఎర్రదాన్ని నీలానికి, నీలాన్ని ఎర్రదానికి మార్చి కట్టాడు. సంజాయిషీ నేనిచ్చుకోవాల్సి వచ్చింది.

"మీరు నోటికి నోరు, చెవికి చెవి కలిపారు సార్. రెండూ చెప్పేవే, వినేది ఒక్కటీ లేదు."

"మన మీటింగులాగే," అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు. అందరూ దగ్గుతున్నట్టు నవ్వారు.

ఈసారి ఇక్కడ ఐదు నొక్కితే అక్కడ ఐదు వెలిగింది. ఎనిమిది నొక్కితే ఎనిమిది. డైరెక్టరుగారు కూడా చిన్నపిల్లాడిలా నాలుగైదు సార్లు నొక్కి చూసుకున్నారు. తర్వాత గుర్తొచ్చి మొహం గంభీరంగా పెట్టారు.

"బాగానే ఉంది. కానీ కాళ్ళేవి? నక్షాలాయన ఆనాడే లేవన్నాడు. ఈ భాగం కొట్టేస్తున్నాం."

అప్పుడు నక్షాలాయన లేచి నిలబడ్డాడు.

"వి... వి..."

"విడిగా లేవంటున్నాడు సార్, అదే మాట," అన్నాడు మోటారు ఇంజనీరు.

"అదే కదా నేనూ చెప్తున్నది! ఇక..." అన్నారు డైరెక్టరుగారు.

మా బావ లేచాడు. ట్రాఫిక్కు పోలీసులా అరచెయ్యి ఎత్తి డైరెక్టరుగారి మొహానికి ఎదురుగా పెట్టాడు.

"ఇదిగో. ఆయన ఇంకా 'అంతే' అనలేదు. అంతే."

డైరెక్టరుగారి మొహం ఎర్ర తీగ రంగులోకి వచ్చింది. "ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా నీకు?"

బావ జవాబు చెప్పలేదు. ఎలా చెప్తాడు? డైరెక్టరుగారు 'అంతే' అనలేదు కదా. కనుబొమ్మలెత్తి మర్యాదగా ఎదురుచూస్తున్నాడు. డైరెక్టరుగారు ఏమో ఈయన జవాబు కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన కదలడు, ఈయన మెదలడు. ఆ గది కట్టిన నాటి నుంచీ అంతటి నిశ్శబ్దం అందులో ఎవరూ విని ఉండరు. గోడ గడియారం చప్పుడు కూడా వినపడింది. ఆ నిశ్శబ్దంలో నక్షాలాయన బండి నెమ్మదిగా కదిలింది.

"వి... విడిగా రెండు కాళ్ళు లేవు. దీపాలకిచ్చిన కాళ్ళల్లోనే రెండింటికి రెండు పనులూ అప్పజెప్పొచ్చు. మాట్లాడాల్సిన మిషన్లో అవి నోరూ చెవీ అవుతాయి. మాట అక్కర్లేని మిషన్లో దీపాలు వెలిగిస్తాయి. నక్షాలో కుడివైపు మూల దానికి చోటు ఎప్పుడో ఉంచాను. ఆ రోజు చెబుదామనుకున్నది ఇదే. అంతే."

మోటారు ఇంజనీరు తన కాళ్ళేవీ పోలేదని తెలిసి మొదట ఊపిరి పీల్చుకున్నాడు. డైరెక్టరుగారు నక్షాలాయన వంకా, బావ వంకా మార్చి మార్చి చూశారు.

"మరి ఇది ఆ రోజే ఎందుకు చెప్పలేదు?" అన్నారు.

జవాబు లేదు. అటు చూశారు, ఇటు చూశారు. చివరికి గొంతు సవరించుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, చిన్నగా అన్నారు.

"...అంతే."

"ఇదిగో. చెబుతూనే ఉన్నారండీ. అంతే," అన్నాడు మా బావ.

కాళ్ళు దొరికాయి, చిప్పుకి నోరొచ్చింది, ఫ్యాను రెగ్యులేటర్లకి మా బావ దక్కలేదు. మా చిప్పే లోకంలో మొట్టమొదట మాట్లాడిందని నేను కోతలు కొయ్యను. ఆ రోజుల్లో ఇలాంటి కాళ్ళ కోసం ఎన్ని గదుల్లో ఎంతమంది తలలు పట్టుకున్నారో నాకేం తెలుసు? మా గదిలో జరిగింది ఇది.

డైరెక్టరుగారు సంతోషం పట్టలేక అందరికీ టీలు చెప్పారు. క్యాంటీను ఆవిడ తెచ్చి, "మీ సంగతి నాకు తెలుసుగా," అంటూ నక్షాలాయన ముందు రెండు కప్పులు పెట్టింది. ఆయన మళ్ళీ లేచాడు.

"నా... నా..."

అలవాటు కొద్దీ అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి. అందరికీ ఒకేసారి బుద్ధొచ్చి మూసుకున్నాం. డైరెక్టరుగారైతే చేత్తో మూసుకున్నారు.

"నాకు టీ అంటే పడదు. చేరిన మొదటి రోజు నేనడిగింది స్టూలు. నేల మీద కూచుని మోకాళ్ళు పట్టేస్తున్నాయి. అంతే."

ముందు ఆయనే నవ్వాడు. తర్వాత గది మొత్తం నవ్వింది. డైరెక్టరుగారు తన కుర్చీ తనే మోసుకెళ్ళి నక్షాల గదిలో వేసొచ్చారు.

సాయంత్రం ఇంటికొచ్చి, వంటింట్లో ఉన్న అక్కకి ఇదంతా చెప్పి, "చూశావా, చిప్పు నుంచి అంటుకున్న జబ్బు ఎంత పనికొచ్చిందో!" అన్నాను.

అక్క చేతిలో పని ఆపి నన్ను జాలిగా చూసింది. "ఒరేయ్ తమ్ముడూ, నీకు పుస్తకాలు రాసే ఉద్యోగం ఎవరిచ్చార్రా? ఆ ముందు గుర్తూ చివరి గుర్తూ తంతి యంత్రాల కాలం నుంచీ ఉన్నవేట. మీ బావ కొత్తగా పెట్టింది మనుషులకి."

"ఎందుకు?"

"ఆ నక్షాలాయన చేరిన వారమే ఈయన ఇంటికొచ్చి దిగులుగా కూచున్నారు. 'ఆయన ఏదో చెప్పబోతే చేతిలో టీ పెట్టి నోరు మూయిస్తున్నారే' అన్నారు. 'ఆయన్ని పూర్తిచెయ్యనివ్వండని చెప్పొచ్చుగా' అన్నాను. 'అలా అంటే అందరూ ఆయన వంకే చూస్తారు, అది ఇంకా కష్టం. అందరికీ ఒకటే రూలు పెడతాను. చూస్తే నా వంక చూస్తారు, నవ్వితే నన్ను చూసి నవ్వుతారు' అన్నారు."

నేను ఆ నవ్వినవాళ్ళల్లో ముందు వరసవాణ్ణి. "మరి ఇంట్లో ఎందుకే ఈ గోల?"

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారుగా! ఇంట్లో మానేస్తే ఆఫీసులో మరిచిపోతారట."

"ఇంత తెలిసీ ఆయన్ని సాయంత్రం దాకా కుర్చీలో కూచోబెట్టేదానివా?"

"తెలిస్తే మాత్రం? పొంగిపోయిన పాలు నావి కావూ?" అని అక్క నవ్వేసి, పాలగిన్నె పొయ్యిమీద పెట్టి పక్కింటికి వెళ్ళింది.

నాకు బావ మీద ఎక్కళ్ళేని ప్రేమ ముంచుకొచ్చింది. పొయ్యికి వీపు తిప్పి చూస్తే, ఎప్పుడొచ్చాడో, వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని ఏదో చదువుకుంటున్నాడు.

"బావా, ఈ 'ఇదిగో', 'అంతే' గొడవంతా నక్షాలాయన కోసమేనటగా?"

బావ కనుబొమ్మలెత్తి చూశాడు. నేను 'అంతే' అనలేదు. అనకపోతే తప్పించుకోవచ్చని ఆయనకి ఎంత ఆశగా ఉందో మొహంలో కనపడుతోంది. నేనూ కాసేపు ఏడిపిద్దామనే చూశాను కానీ, మనసొప్పలేదు.

"అంతే," అన్నాను.

బావ చదువుతున్నది పక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, తీరిగ్గా అన్నాడు.

"ఇదిగో. నీ వెనక పాలు పొంగుతున్నాయి. అంతే."